వాడపల్లిలో అగస్త్యుడి గుడా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
మొన్న వాడపల్లి వెళ్లాం. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి గుడి. లింగం నెత్తిన చిన్న గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. అగస్త్యుడే ప్రతిష్ఠించాడని పూజారి గారు చెప్పారు. చెన్నైలో నా రూమ్మేట్ మాత్రం 'అగస్త్యర్ మావాడు' అని ఒకటే పట్టు. ఏది కరెక్ట్?

జవాబు:
గొడవెందుకు తమ్ముడూ! వింధ్యను వంచి దక్షిణానికి వచ్చిన మునికి మన కృష్ణ దాటక తప్పుతుందా? తమిళులకు ఆయన పొదిగై కొండల్లో ఉండే గురువు. తమిళానికి తొలి వ్యాకరణం 'అగత్తియం' ఆయనదే అంటారు, ఆ గ్రంథం మాత్రం మిగల్లేదు. ఋగ్వేదం 1వ మండలం 179వ సూక్తం చూడు. తనను పక్కన పెట్టి తపస్సు చేసుకుంటున్న మొగుడు అగస్త్యుణ్ని లోపాముద్ర నిలదీస్తుంది. నాకైతే లింగం కథకన్నా అదే ఇష్టం.

జవాబు:
మా నాయనమ్మ పాలు పట్టాక పసివాళ్ల పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అనేది. వాతాపిని అరిగించుకున్నది ఈయనే. మీ రూమ్మేట్‌కి భోజనం పెట్టి ఇది చెప్పండి, సగం గొడవ తీరుతుంది.

జవాబు:
అక్కడే ఉన్న లక్ష్మీనరసింహ స్వామి గుడి చూశారా అన్నా? స్వామి ముఖం దగ్గరి దీపం రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. స్వామి ఊపిరి అంటారు. ఈసారి వెళ్తే స్నానం మాత్రం కృష్ణ వైపే చేయండి, మూసీ వైపు వద్దు.