మద్యం మానినవాళ్లు ఆరు నెలలు నిలుస్తారా? లాజిస్టిక్ రిగ్రెషనా, రాండమ్ ఫారెస్టా?

ప్రశ్న: ఒంగోలు డేటా
ఒక డీఅడిక్షన్ సెంటర్ రికార్డులు 320 ఉన్నాయి. ఆరు నెలల్లో 120 మంది మళ్లీ తాగారు. వయసు, ఆడిట్ స్కోరు (తాగుడు తీవ్రత కొలిచే ప్రశ్నావళి మార్కులు), ఎన్నేళ్ల అలవాటు, ఇంట్లో తోడు, ఫాలోఅప్ విజిట్లు ఇలా మొత్తం 38 వేరియబుల్స్. ఎవరు మళ్లీ తాగుతారో ముందే చెప్పడానికి రెండు మోడల్స్ నడిపాను: వేరియబుల్స్‌కి బరువులిచ్చి కలిపే లాజిస్టిక్, ఎన్నో నిర్ణయ వృక్షాల ఓటు తీసుకునే రాండమ్ ఫారెస్ట్. ఏయూసీ (తాగేవాళ్లనీ తాగనివాళ్లనీ మోడల్ ఎంత బాగా వేరు చేస్తుందో చెప్పే అంకె; 0.5 అంటే బొమ్మా బొరుసే, 1 అంటే తప్పే లేదు) లాజిస్టిక్‌కి 0.74, రాండమ్ ఫారెస్ట్‌కి 0.91 వచ్చింది. ఫారెస్ట్‌నే తీసుకోవచ్చా?

జవాబు: గణాంకం
ముందు ఫాలోఅప్ విజిట్లు తీసేయండి సార్. మళ్లీ తాగినవాళ్లే రావడం మానేస్తారు, అంటే జవాబునే మోడల్‌కి అందిస్తున్నారు. డిశ్చార్జి రోజుకి తెలిసినవే ఇవ్వాలి. ఖాళీలు నింపడం, వేరియబుల్స్ ఏరడం కూడా క్రాస్ వాలిడేషన్‌లో (డేటాని ముక్కలు చేసి, ఒక్కో ముక్కని పరీక్షకి ఉంచి మిగతావాటి మీద నేర్పడం) ప్రతి ఫోల్డ్ లోపలే, ట్రైనింగ్ భాగం మీదే చేయాలి. ముందే మొత్తం డేటా మీద చేసేస్తే ఏయూసీ ఉబ్బుతుంది.

పైగా మళ్లీ తాగిన 120 కేసులకి, అంటే రిలాప్స్‌లకి 38 వేరియబుల్స్ అంటే ఒక్కోదానికి మూడే. కనీసం పది ఉండాలన్న పాత లెక్కకే చాలదు, ఫారెస్ట్‌కి ఇంకా ఎన్నో రెట్లు కావాలి. 2019లో 71 అధ్యయనాల సమీక్ష వచ్చింది: పక్షపాతం తక్కువగా ఉన్న పోలికల్లో మెషిన్ లెర్నింగ్ లాజిస్టిక్‌ని మించలేదు.

జవాబు: తీరం
ఫోన్‌కి దొరకనివాళ్లని ఏ ఖాతాలో వేశారన్నా? అసలు చిక్కు అక్కడే. కొత్తపట్నం వైపు మత్స్యకారులు వేట నిషేధంలో, అంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంటిపట్టున దొరుకుతారు, తర్వాత కడలి మీదే. చీమకుర్తి క్వారీల్లో వలస కూలీ పని మారితే నంబరే మారుతుంది. వాళ్లందరినీ ‘మళ్లీ తాగారు’ అని రాస్తే మోడల్ నేర్చుకునేది వృత్తిని, రిలాప్స్‌ని కాదు. కాక్స్ మోడల్‌లో (మళ్లీ తాగడానికి ఎంతకాలం పట్టిందో చూసే పద్ధతి) సెన్సార్ చేసినా, అంటే దొరికినంతకాలమే లెక్కలోకి తీసుకున్నా, దొరక్కపోవడానికీ తాగడానికీ సంబంధం ఉంటే తప్పు లెక్కే వస్తుంది. దొరకనివాళ్లంతా తాగారని ఒకసారి, ఎవరూ తాగలేదని ఒకసారి నడిపి చూడండి. ఫలితం తలకిందులైతే ఆ సంగతి రిపోర్టులో రాయాల్సిందే.

మళ్లీ ప్రశ్న: ఒంగోలు డేటా
విజిట్లు తీసేస్తే ఫారెస్ట్ 0.71కి దిగింది. వైద్యులు ముందే ముఖ్యమన్న తొమ్మిది వేరియబుల్స్‌తో రిడ్జ్ లాజిస్టిక్ (బరువులు మరీ పెరగకుండా అదిమిపెట్టే రకం) 0.70. తక్కువమంది ఉన్న వర్గానికి కృత్రిమ రికార్డులు పుట్టించే స్మోట్‌తో రెండు వర్గాలూ సమానం చేయనా?

జవాబు: గణాంకం
వద్దు. స్మోట్ వాడితే రిలాప్స్ సంభావ్యతలు ఉన్నదానికంటే పెద్దవిగా వస్తాయి. 30 శాతం అని చెప్పిన వందమందిలో దాదాపు ముప్పైమందే తాగాలి కదా, ఆ కాలిబ్రేషన్ గ్రాఫ్ గీయండి, బ్రయర్ స్కోరు (చెప్పిన సంభావ్యతకీ జరిగినదానికీ ఉన్న తేడాల వర్గాల సగటు, తక్కువైతే మంచిది) చూడండి. 0.01 తేడాకి బూట్‌స్ట్రాప్‌తో (రికార్డుల్ని మళ్లీమళ్లీ యాదృచ్ఛికంగా ఏరి లెక్కించడం) విశ్వాస అంతరం, అంటే అసలు తేడా ఉండగల పరిధి, కట్టండి, సున్నా అందులోనే పడేలా ఉంది. అప్పుడు రిడ్జ్ చాలు, కౌన్సిలర్ కాగితం మీదే స్కోరు వేసుకోవచ్చు. చివరి ఏడాది రికార్డులు మాత్రం ముట్టకుండా పరీక్షకి ఉంచండి.