తామర మందు వేశాక టాక్రోలిమస్ లెవెల్ 6 నుంచి 14కి పెరిగింది, ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

నమస్కారమండి. మా తమ్ముడికి వైజాగ్‌లో కిడ్నీ మార్పిడి జరిగి ఎనిమిది నెలలైంది. కిడ్నీ ఇచ్చింది అమ్మే. ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా టాక్రోలిమస్ పొద్దున 2 మి.గ్రా., రాత్రి 2; మైకోఫెనోలేట్ సోడియం 360వి పూటకు రెండు; ప్రెడ్నిసొలోన్ 5 వాడుతున్నాడు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.1 దగ్గర, టాక్రోలిమస్ లెవెల్ (రక్తంలో ఆ మందు మోతాదు) 6 దగ్గర ఉండేవి. గజ్జల్లో తామర వస్తే ఇక్కడ మందుల షాపులో ఫంగస్ మాత్ర ఇట్రాకోనజోల్ 100 రోజుకు రెండు చొప్పున ఇచ్చారు, పది రోజులు వేశాడు. చేతులు వణుకుతున్నాయంటే టెస్టు చేయించాం. లెవెల్ 14.2, క్రియాటినిన్ 1.5, పొటాషియం 5.4 వచ్చాయి. డాక్టరుగారి అపాయింట్‌మెంట్ వచ్చే సోమవారం. అంతవరకు టాక్రోలిమస్ ఆపేయొచ్చా? ఇట్రాకోనజోల్ మానేస్తే దానంతటదే సర్దుకుంటుందా?

ఫార్మసీ_బరంపురం

సోమవారం దాకా ఆగకండి. మార్పిడి చేసిన ఆసుపత్రిలో ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్ నంబరు డిశ్చార్జి కాగితంలో ఉంటుంది, ఈ రోజే ఫోన్ చేసి మూడు అంకెలూ చెప్పండి. క్రియాటినిన్ ఎప్పుడూ ఉండేదాని కంటే పాతిక, ముప్పై శాతం పెరిగిందంటే ఏ యూనిట్ అయినా వెంటనే వినాల్సిన విషయమే. మీది అంతకంటే ఎక్కువే పెరిగింది.

టాక్రోలిమస్‌ని మీ అంతట మీరు ఆపకండి. డోసు తగ్గించడమో ఒకటి రెండు పూటలు ఆపడమో వాళ్లు చెప్తారు, ఎంత అన్నది వాళ్ల నోటే రావాలి.

జరిగింది ఇదీ. టాక్రోలిమస్‌ను పేగుల్లోనూ కాలేయంలోనూ విరగ్గొట్టే ఎంజైమ్‌ను ఇట్రాకోనజోల్ కట్టిపడేస్తుంది. మింగింది అదే 2 మి.గ్రా. అయినా రక్తంలో రెండింతలు నిలుస్తుంది. లెవెల్ పెరిగితే కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్న నాళాలు బిగుసుకుని క్రియాటినిన్ పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, పొటాషియం ఎక్కుతుంది. లెవెల్ దిగితే ఇవి చాలావరకు వెనక్కొస్తాయి. అయితే క్రియాటినిన్ పెరగడానికి కారణం ఇదొక్కటే అని ఇంట్లో కూర్చుని తేల్చుకోకూడదు. రిజెక్షన్ (ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టడం) మొదలైనా అంకె ఇలాగే ఉంటుంది. అందుకే వాళ్లు మూత్ర పరీక్ష, డాప్లర్ స్కాన్ (కిడ్నీకి రక్తం ఎలా పారుతోందో చూసేది), బీకే వైరస్ (మార్పిడి కిడ్నీని దెబ్బతీసే వైరస్) పరీక్ష అడగొచ్చు, లెవెల్ దిగాక కూడా క్రియాటినిన్ దిగకపోతే బయాప్సీ (కిడ్నీ ముక్క తీసి చూడటం) కూడా.

అసలు ప్రమాదం దీని తర్వాత ఉంది. ఇట్రాకోనజోల్ ఒంట్లోంచి నెమ్మదిగా పోతుంది, మానేసిన రోజే ప్రభావం ఆగదు. అది పోయేకొద్దీ లెవెల్ జారిపోతూ వస్తుంది. ఇప్పుడు డోసు తగ్గించి, తర్వాత మళ్లీ పెంచడం మరిచిపోతే రెండు మూడు వారాలకు లెవెల్ 3 దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. మనిషికి ఏ బాధా తెలియదు, రిజెక్షన్ మాత్రం అక్కడే మొదలవుతుంది. కాబట్టి వారానికి ఒకటి రెండుసార్లు లెవెల్, క్రియాటినిన్ చూస్తూ డోసు తిరిగి పైకి తీసుకురావాలి. ఫోన్‌లో ఈ మాట తప్పకుండా అడగండి: "ఇట్రాకోనజోల్ ఆపాక ఏయే తేదీల్లో లెవెల్ చెయ్యాలి?"

గుణుపురం_డయాలసిస్

పైన చెప్పింది అక్షరాలా నిజం. దానికి ముందు ఆ 14.2 నిజమైన అంకేనా అన్నది చూసుకోండి. టాక్రోలిమస్ లెవెల్ అంటే తర్వాతి డోసుకు సరిగ్గా ముందు, అంటే కిందటి డోసుకు పన్నెండు గంటలకు తీసిన రక్తం. రాత్రి 9కి వేస్తే పొద్దున 9కి రక్తం తియ్యాలి, పొద్దుటి మందు ఆ తర్వాతే. వేసుకున్న రెండు గంటలకు తీస్తే అంకె ఎక్కువ వస్తుంది, దాన్ని చూసి డోసు తగ్గిస్తే అనవసర ప్రమాదం. పొద్దున్నే పాతపట్నం, శ్రీకాకుళం మీదుగా వైజాగ్ బయల్దేరేవాళ్లు ఇంట్లోనే అలవాటుగా క్యాప్సూల్ వేసేసుకుంటారు. ఆ రోజు దాన్ని స్ట్రిప్పులోంచి తియ్యకుండా జేబులో పెట్టుకుని, సూది తీశాక అక్కడే వేసుకోమనండి.

పర్లాకిమిడిలోనే రక్తం తీయించి పంపుతుంటే ఊదారంగు మూత ట్యూబు అడగండి. ఈ మందు ఎర్రకణాల్లో ఇరుక్కుని ఉంటుంది కాబట్టి మొత్తం రక్తంలోనే కొలుస్తారు. సీరం వేరు చేసి పంపితే పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. కాగితం మీద చివరి డోసు వేసుకున్న టైమూ రక్తం తీసిన టైమూ రెండూ రాయించండి. ఎప్పుడూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. పద్ధతి మారితే అదే రక్తానికి వేరే అంకె వస్తుంది, 6.5ని 7.5తో పోల్చి బెంగపడటం అనవసరం.

పొటాషియం 5.4 ఉంది కాబట్టి ప్రస్తుతానికి కొబ్బరి బొండాలు ఆపండి. మన వైపు నీరసం అనగానే బొండాం చేతిలో పెడతారు, ఇప్పుడు అది వద్దు.

మహేంద్రతనయ

ఫోన్ చేశానండి. ఇట్రాకోనజోల్ ఆపమన్నారు, టాక్రోలిమస్ ఈ రాత్రి డోసు వదిలేసి రేపటి నుంచి 1 + 1 వెయ్యమన్నారు, గురువారం లెవెల్, క్రియాటినిన్. రక్తం పన్నెండు గంటలకే తీశారు, అంకె నిజమైనదే. మరి తామర ఇంకా తగ్గలేదు, దానికేం చెయ్యాలి? ఇలాంటి మందులు ఇంకేం ఉన్నాయో కూడా చెప్పండి.

ఫార్మసీ_బరంపురం

తామరకు పైపూత లులికోనజోల్ క్రీమ్ రోజుకు ఒకసారి, మచ్చ దాటి వేలెడు వెడల్పు వరకు రాయాలి. మచ్చ పోయాక కూడా ఒకటి రెండు వారాలు కొనసాగించాలి. షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిపిన "మూడు నాలుగు మందుల" ట్యూబు తీసుకోవద్దు. రెండు రోజులు దురద తగ్గినట్టుంటుంది, లోపల పాకుతుంది. మాత్ర తప్పదంటే టెర్బినాఫిన్ లాంటిది చర్మవైద్యులూ కిడ్నీ డాక్టరూ మాట్లాడుకుని ఇవ్వాలి. అది టాక్రోలిమస్‌ను ఇట్రాకోనజోల్ లాగా పెంచదు, కానీ కిడ్నీ పని ఎంతుందో చూసి ఇవ్వాల్సిన మందు.

లెవెల్ పెంచేవి: ఫ్లూకోనజోల్, కీటోకోనజోల్, క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, బీపీకి ఇచ్చే డిల్టియాజెమ్. పళ్లలో పంపర పనస. దిగ్గొట్టేవి: ఫిట్స్ మందులు ఫెనిటోయిన్, కార్బమజెపిన్, అన్నిటికంటే గట్టిగా టీబీ మందు రిఫాంపిసిన్. టీబీ అని తేలితే మందు మొదలుపెట్టే రోజే కిడ్నీ డాక్టరుకు చెప్పాలి, వారం ఆలస్యమైనా లెవెల్ పడిపోతుంది. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సూదైనా మాత్రైనా వద్దు, పారాసిటమాల్ చాలు. గౌట్ వచ్చి అల్లోప్యురినాల్ ఇస్తామంటే అజాథయోప్రిన్ (మైకోఫెనోలేట్‌కు బదులు కొందరికి ఇచ్చే మందు) వాడేవాళ్లు తప్పనిసరిగా ఆ మాట చెప్పాలి, రెండూ కలిస్తే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి.

విరేచనాలు పట్టుకున్నా టాక్రోలిమస్ లెవెల్ పెరుగుతుంది, ఇది చాలామందికి తెలీదు. పేగు గోడ దెబ్బతిని మందును ఎప్పటిలా విరగ్గొట్టలేదు. రెండు రోజులు దాటితే లెవెల్, పొటాషియం చేయించండి. మైకోఫెనోలేట్ వల్ల కూడా విరేచనాలు రావచ్చు, అలాగని దాన్ని మీరే ఆపకండి.

రాయగడ_కొండదారి

రెండు మాటలు కలుపుతాను. గజపతి, రాయగడ వైపు మలేరియా ఉంది కాబట్టి జ్వరం 100.4 దాటితే ఆ రోజే మలేరియా పరీక్ష, రక్తం, మూత్రం చూపించాలి. "రేపు తగ్గుతుందిలే" అనే వీలు ఈ మందుల మీద ఉన్న మనిషికి లేదు. రాత్రి దోమతెర తప్పనిసరి. తిప్పతీగ కషాయం, రోగనిరోధకశక్తి పెంచే పొడులు ఎవరిచ్చినా వద్దు. మనం మందులతో అణిచి ఉంచుతున్నది ఆ శక్తినే. తరవాణి, పఖాళ (పులిసిన నీళ్లన్నం), రోడ్డు పక్క గుప్‌చుప్ (పానీపూరీ) నీళ్లు, పచ్చి జీలుగు కల్లు కూడా పక్కన పెట్టాలి. ఇంట్లో పసిపిల్లలకు పోలియో చుక్కలు వేస్తే కొన్ని వారాలు ఆ బిడ్డ మలం ఇతను శుభ్రం చెయ్యకూడదు.

ఇంకొకటి, మందు నిల్వ. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి వైపు దారులు తెగిపోయాయి. చిన్న ఊళ్ల షాపుల్లో టాక్రోలిమస్ అన్ని రోజులూ ఉండదు. కనీసం మూడు వారాల మందు ఇంట్లో ఉండాలి. అదే కంపెనీది, అదే బలం, అదే రకం కొనండి. రోజుకు రెండుసార్లు వేసేదానికి బదులు రోజుకొకసారి వేసే నిదాన విడుదల రకం ఇస్తే తీసుకోకండి, పేరు ఒకటే కానీ మందు నడిచే తీరు వేరు. తప్పనిసరై కంపెనీ మారితే వారం లోపు లెవెల్ చేయించండి.