డిగ్రీ పూర్తి చేయాలా, పోకర్‌నే వృత్తిగా తీసుకోవాలా?

ప్రశ్న

నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. గణితం నా ప్రధాన విషయం. ఏడాదికి పైగా ఆన్‌లైన్‌లో, ఆరుగురు కూర్చునే టేబుళ్ల మీద, నో లిమిట్ హోల్డెమ్ (పందెానికి గరిష్ఠ పరిమితి లేని పోకర్ రకం) క్యాష్ గేములు, అంటే టోర్నమెంట్లు కాక నేరుగా డబ్బు పెట్టి ఆడే ఆటలు, ఆడుతున్నాను. నేనుండే చోట చట్టం ఈ ఆటను అనుమతిస్తుంది. ఇప్పటివరకు దాదాపు 60,000 హ్యాండ్లు (ముక్కల ఒక్కో పంపకం ఒక హ్యాండ్) ఆడాను. రేక్ (సైట్ తీసుకునే రుసుము) పోను, వంద హ్యాండ్లకు నాలుగు బిగ్ బ్లైండ్ల చొప్పున లాభంలో ఉన్నాను. బిగ్ బ్లైండ్ అంటే ముక్కలు చూడకముందే ఒకరు తప్పనిసరిగా పెట్టవలసిన పందెం; లాభనష్టాలను దానితోనే కొలుస్తారు. చదువు ఆపి పూర్తిగా ఆటలోకి దిగాలన్న ఆలోచన కొన్ని నెలలుగా నన్ను వదలడం లేదు.

నా వాదన ఇది. ఆట ఏటికేడు కఠినమవుతోంది కాబట్టి, డబ్బు సంపాదించగల కాలం ఇప్పుడే ఉంది; డిగ్రీ మాత్రం తరువాతైనా పూర్తి చేసుకోవచ్చు. తరగతిలో కూర్చున్నంతసేపూ ఆ గంటలు టేబుల్ దగ్గర గడిపితే ఎంత వచ్చేదో లెక్క వేసుకుంటూనే ఉంటాను. అయితే నాకు అనుకూలమైన కారణాలు మాత్రమే కంటికి కనబడుతున్నాయేమోనన్న అనుమానం కూడా ఉంది. జూదం మంచిది కాదన్న మాట ఇంట్లో ఎలాగూ వింటాను. ఈ రెండింటినీ ఎలా తూచాలో తెలిసినవారు చెబితే కృతజ్ఞుడినై ఉంటాను.

మొదటి సమాధానం

అన్నింటికన్నా ముందు తేల్చుకోవలసింది ఆ నాలుగు బిగ్ బ్లైండ్ల సంగతి. మీరు గణితం విద్యార్థి కాబట్టి లెక్కతోనే చెబుతాను. మీరు ఆడే ఆటలో ఫలితాల ప్రామాణిక విచలనం, అంటే సగటు చుట్టూ అవి ఎంతగా చెదిరి ఉంటాయో చెప్పే కొలత, వంద హ్యాండ్లకు సుమారు 90 బిగ్ బ్లైండ్లు ఉంటుంది. ఆడే తీరును బట్టి అది కొంత పెరగవచ్చు, తగ్గవచ్చు. 60,000 హ్యాండ్లంటే 600 వందలు. 90ని 600 వర్గమూలంతో భాగిస్తే 3.7 వస్తుంది. మీ నాలుగుకు అటూ ఇటూ దీనికి దాదాపు రెట్టింపు తీసుకుంటే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగిన పరిధి వందకు మూడు బ్లైండ్ల నష్టం నుంచి పదకొండు బ్లైండ్ల లాభం దాకా పరుచుకుని ఉంది. మీరు ఓడిపోయే ఆటగాడని నేను అనడం లేదు. గెలిచే ఆటగాడని ఆ ఫలితం ఇంకా రుజువు చేయలేదని మాత్రమే అంటున్నాను. ఈ అనిశ్చితి సగానికి తగ్గాలంటే నాలుగు రెట్లు హ్యాండ్లు కావాలి. పది లక్షల హ్యాండ్ల తరువాత కూడా అటూ ఇటూ 1.8 బ్లైండ్ల తేడా మిగిలే ఉంటుంది. నాలుగు టేబుళ్ల మీద గంటకు 300 హ్యాండ్ల చొప్పున ఆడినా అందుకు మూడు వేల గంటలకు పైగా పడుతుంది, ఈలోపు ఎదుటివారి ఆట మారిపోతుంది.

రెండో లెక్క దీనికన్నా ముఖ్యమైనదని నా అభిప్రాయం. మీ గెలుపు రేటు నిజంగానే నాలుగు అనుకుందాం. ఆటకు కేటాయించిన మొత్తం, అంటే బ్యాంక్‌రోల్, 30 బై-ఇన్‌లు (టేబుల్ దగ్గర కూర్చునేటప్పుడు తెచ్చుకునే మొత్తం ఒక బై-ఇన్, ఇక్కడ 100 బిగ్ బ్లైండ్లు), అంటే 3,000 బిగ్ బ్లైండ్లు అనుకుందాం. గెలిచిన డబ్బును ముట్టుకోకుండా అదే పందెపు స్థాయిలో ఆడుతూ పోతే, ఆ నిధి ఎప్పటికైనా పూర్తిగా హరించుకుపోయే అవకాశం సుమారు 5 శాతం. గెలుపులో సగాన్ని బతకడానికి తీసేస్తే ఆ అవకాశం దాదాపు 23 శాతానికి చేరుతుంది. మొత్తం తీసేస్తే, మీరు ఎంత నేర్పరి అయినా, ఆ నిధి ఎప్పుడో ఒకనాడు ఖాళీ కావడం ఖాయం. ప్రస్తుతం మీ అద్దె, భోజనం, ఫీజులు ఈ నిధి లోంచి రావడం లేదు కాబట్టే మీ ఫలితాలు అలా ఉన్నాయి. పోకర్‌నే వృత్తి చేసుకున్న రోజున మీ ఆట మారకపోయినా, కింద ఉన్న లెక్క మారిపోతుంది.

రెండో సమాధానం

నేను కొన్నేళ్లు కేవలం ఈ ఆట మీదే బతికాను, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. పై సమాధానంలోని లెక్కలతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. వాటిలో కనబడని సంగతులు కొన్ని చెబుతాను.

లాభం ఇచ్చే టేబుళ్లు రాత్రిపూట, వారాంతాల్లో, సెలవు దినాల్లో దొరుకుతాయి. సరదా కోసం ఆడేవారికి తీరిక దొరికే సమయమదే. కాబట్టి మీ వాళ్లందరూ ఖాళీగా ఉన్న వేళ మీరు పనిలో ఉంటారు, మీకు ఖాళీ దొరికిన వేళ వాళ్లు పనిలో ఉంటారు. మొదటి కొన్ని నెలలు ఇది స్వేచ్ఛలా ఉంటుంది. తరువాత మాట్లాడే మనుషులందరూ ఆటవాళ్లే అవుతారు, మాటలన్నీ హ్యాండ్ల గురించే సాగుతాయి.

ఒక్క సందర్భం దగ్గరనుంచి చూద్దాం. మీ చేతిలో రెండు ఏసులు, ఎదుటివారి చేతిలో రెండు రాజులు. టేబుల్ మీద ఒక్క ముక్క కూడా తెరవకముందే ఇద్దరూ మొత్తం డబ్బు మధ్యలోకి నెట్టారు. అంతకన్నా మంచి స్థితి ఈ ఆటలో అరుదు, అయినా దాదాపు అయిదింట ఒకసారి మీరు ఓడతారు. మూడో రాజు తెరుచుకున్నప్పుడు మీరు చేసిన తప్పేమీ లేదు. అసలు పరీక్ష ఆ తరువాతి పది నిమిషాల్లో ఉంటుంది. మామూలుగా పారేసే ఎనిమిది-తొమ్మిది లాంటి బలహీనమైన ముక్కలతో కూడా కాల్ చేయాలని (ఎదుటివారి పందెానికి సరిపడా పెట్టాలని) అనిపిస్తుంది, ఓడించినవారి మీదే రెయిజ్ చేయాలని (పందెం పెంచాలని) అనిపిస్తుంది. ఆటవాళ్లు టిల్ట్ అనేది దీన్నే. పోయినది చేతిఖర్చు డబ్బయితే లేచి వెళ్లిపోవడం సులభం. వచ్చే నెల అద్దె అయితే ఆ కుర్చీ లోంచి లేవడం ఎంత కష్టమో బయటివారికి చెప్పి ఒప్పించలేను.

డిగ్రీని తరువాత పూర్తి చేసుకోవచ్చునన్న మీ మాటను ఇంకొకసారి పరిశీలించండి. చదువు మధ్యలో ఆగితే విషయం మరుపున పడుతుంది, పాఠ్యప్రణాళిక మారుతుంది, తోటివారు వెళ్లిపోతారు, అన్నింటికీ మించి చేతికి డబ్బు అలవాటైన మనిషి తిరిగి పరీక్షలకు కూర్చోవడం అరుదు. టేబుల్ మాత్రం రెండేళ్ల తరువాత కూడా మిమ్మల్ని ఏ ధ్రువపత్రమూ అడగకుండా కూర్చోనిస్తుంది. వేచి ఉండగలిగినది ఆట. వేచి ఉండలేనిది చదువు. మీరు దీన్ని తలకిందులుగా చూస్తున్నారని నాకు అనిపిస్తోంది.

వృత్తి మన అధీనంలో లేని కారణాల వల్ల కూడా ఆగిపోవచ్చు. 2011 ఏప్రిల్ 15న అమెరికా న్యాయశాఖ మూడు పెద్ద పోకర్ సైట్ల స్థాపకులు తదితరుల మీద నేరాభియోగాలు మోపి ఆ సైట్ల వెబ్ చిరునామాలను స్వాధీనం చేసుకుంది. ఆ దేశంలో ఆన్‌లైన్ ఆట మీద బతికేవారికి ఒక్కరోజులో పని పోయింది. వాటిలో ఒకటైన ఫుల్ టిల్ట్ సైట్‌లో డబ్బు ఉంచిన అమెరికన్ ఆటగాళ్లకు తిరిగి చెల్లింపులు మొదలైనది 2014లో. అప్పుడు వేరే చదువో, పనో చేతిలో ఉన్నవారి పరిస్థితి, లేనివారి పరిస్థితి ఒకటి కాదు. ఈ ఆటకు ప్రపంచమంతటా ఊపు తెచ్చిన క్రిస్ మనీమేకర్ 2003లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన టోర్నమెంట్ గెలిచి 25 లక్షల డాలర్లు అందుకున్నప్పుడు, ఆయన డిగ్రీ ఉండి అకౌంటెంటుగా ఉద్యోగం చేస్తున్న మనిషి. ఆ కథ చెప్పేవారు ఈ సంగతిని ఎందుకో దాటవేస్తారు. యేల్‌లో న్యాయశాస్త్రం చదివిన వనెస్సా సెల్బ్‌స్ట్ అగ్రశ్రేణి క్రీడాకారిణిగా ఎన్నో టైటిళ్లు గెలిచాక పూర్తికాలపు ఆట మానుకుని హెడ్జ్ ఫండ్ ఉద్యోగంలో చేరారు. ఆమె బయటికి రావాలనుకున్నప్పుడు తలుపు తెరిచే ఉంది.

మూడో సమాధానం

నాకు డిగ్రీ లేదు, నేటికీ ఆటే నా జీవనాధారం. కాబట్టి పై ఇద్దరితో కొంతమేరకు విభేదించక తప్పదు. డిగ్రీ అన్ని వేళలా గొప్ప పెట్టుబడి కాదు. ఇష్టం లేని విషయంలో, పెద్ద అప్పుతో, అత్తెసరు మార్కులతో తెచ్చుకున్న పట్టా ఎవరినీ కాపాడదు. మీ పరిస్థితి అదే అయితే నా సలహా వేరుగా ఉండేది. మీరు చదువుతున్నది గణితం. సంభావ్యత, సాంఖ్యకశాస్త్రం, ప్రోగ్రామింగ్ టేబుల్ దగ్గరా పనికొస్తాయి, టేబుల్ వదిలిన తరువాతా పనికొస్తాయి. ఆ చదువును వదులుకోమని నేను చెప్పలేను.

ఆట కఠినమవుతోందన్న మీ మాట మాత్రం నిజం. 2015 నుంచి సాల్వర్ సాఫ్ట్‌వేర్, అంటే ఏ సందర్భంలో ఎలా ఆడటం సరైనదో లెక్కకట్టే ప్రోగ్రాం, మామూలు ఆటగాళ్లకు కూడా అందుబాటులోకి వచ్చింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో తయారైన లిబ్రాటస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం 2017లో నలుగురు వృత్తి ఆటగాళ్లను 1,20,000 హ్యాండ్ల ముఖాముఖి పోటీలో ఓడించింది. 2019లో ప్లూరిబస్ అనే మరో ప్రోగ్రాం ఆరుగురి ఆటలోనూ అదే చేసి చూపింది. అయితే దీని నుంచి మీరు తొందరపడాలన్న నిర్ణయానికి వచ్చారు, నేను మరొక నిర్ణయానికి వస్తాను. లాభం ఏటేటా సన్నగిలే వృత్తిలోకి అడుగుపెట్టేవారికి, అది చాలనప్పుడు వెళ్లగలిగే రెండో దారి ఇంకా ఎక్కువ అవసరం.

పేరున్నవారిని చూసి లెక్క వేయకండి. ప్రసిద్ధ పోకర్ ఆటగాడు డేనియల్ నెగ్రానూ ఉన్నత పాఠశాల కూడా పూర్తి చేయలేదన్నది నిజమే, కానీ చదువు వదిలేసి ఓడిపోయినవారి పేర్లు మనకు తెలియవు. ఆయనే 2017లో టోర్నమెంట్లలో 28 లక్షల డాలర్లకు దగ్గరగా బహుమతులు అందుకుని కూడా, ప్రవేశ రుసుములు తీసివేస్తే ఆ ఏడు నష్టమే మిగిలిందని తన లెక్కలను బహిరంగంగా ప్రకటించారు. వార్తల్లో వచ్చేది బహుమతి మొత్తం. ఆదాయం అంటే రుసుములు, ప్రయాణాలు, పన్ను పోను మిగిలేది.

అయినా మానలేననుకుంటే, చదువు మానేయకుండా విరామం తీసుకునే వీలుందేమో మీ కళాశాలలో అడగండి. ఎంతకాలం అనుమతిస్తారో, తిరిగి ఏ సెమిస్టర్‌లో చేర్చుకుంటారో, ఉపకారవేతనం ఉంటే అది కొనసాగుతుందో లేదో, ఇవన్నీ రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. 23 శాతం అన్న లెక్క నేనూ వేసి చూశాను, సరిగ్గా వచ్చింది. ఇంటి నుంచి వచ్చే డబ్బు నా ఆటకు ఆసరాగా ఉందన్న కోణం ఇంతవరకు నా ఆలోచనలో లేదు. విరామం గురించి కళాశాలలో అడుగుతాను గాని, ప్రస్తుతానికి చదువు కొనసాగించడానికే మొగ్గుచూపుతున్నాను. చదువుతూనే, వృత్తిగా ఆడితే నిలబడగలనో లేదో పరీక్షించుకునే మార్గం ఏదైనా ఉందా?

రెండో సమాధానం రాసినవారు

ఉంది. వచ్చే సెమిస్టర్ మొదలుకొని, వారానికి ఎన్ని గంటలు ఆడతారో ముందే నిర్ణయించుకుని, పరీక్షల నెలలో అసలు టేబుల్ తెరవకండి. ప్రతిసారీ ఆడిన గంటలు, స్థాయి, ఫలితం రాసిపెట్టండి. అలసటగా ఉన్నా, కోపంగా ఉన్నా అదీ పక్కన రాయండి. తరువాత, మీరు ఒంటరిగా బతికితే నెలకు ఎంత ఖర్చవుతుందో నిజాయతీగా లెక్క కట్టి, మీరు ఆడే గంటలు పూర్తికాలపు పనిలో ఎన్నో వంతో చూసి, ఖర్చులో ఆ వంతును ప్రతి నెలా మొదటి తేదీన బ్యాంక్‌రోల్ నుంచి తీసి వేరే ఖాతాలో వేయండి. గెలిచిన నెలయినా, ఓడిన నెలయినా తీయవలసిందే, ఆ ఖాతాను ముట్టుకోకూడదు. బ్యాంక్‌రోల్ 20 బై-ఇన్‌ల కిందికి దిగితే ఒక స్థాయి తగ్గి ఆడండి, కానీ తీసే మొత్తాన్ని తగ్గించకండి. డిగ్రీ చేతికొచ్చేనాటికి ఆ రెండు ఖాతాల్లో ఎంతెంత మిగిలిందో ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.