కొబ్బరి ఆకు అడుగున తెల్లదోమను స్పష్టంగా ఫొటో తీయడానికి 25 వేలలో ఏ కెమెరా కొనాలి?

ప్రశ్న: అంబాజీపేట ప్రాంత కొబ్బరి రైతు

నమస్కారమండి. మాకు అంబాజీపేట దగ్గర కొబ్బరి తోట, దాన్ని ఆనుకుని కొద్దిగా వరి చేను ఉన్నాయి. 2016లో మన దేశంలో తొలిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ ఆ తరువాత కోనసీమ తోటలను ఎంతగా పీడించిందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. ఆకుల అడుగున అది పెట్టే గుడ్ల వలయాలు, తెల్లని మైనపు పొర, కింది ఆకుల మీద పేరుకునే నల్లని మసి నా ఫోనులో బాగానే వస్తున్నాయి. నాకు కావలసింది అంతకంటే చాలా చిన్నది.

తెల్లదోమ పిల్లపురుగు చివరి దశలో ఆకుకు అంటుకుని కదలకుండా ఉండిపోతుంది. దాని పరిమాణం మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. అందులోంచి దోమే బయటికి వస్తే పైపెంకు మీద ‘టి’ అక్షరం ఆకారంలో చీలిక మిగులుతుంది. అలా కాక, దాన్ని లోపలినుంచి తిని పెరిగిన ఎన్‌కార్సియా అనే అతి చిన్న కందిరీగ బయటికి వస్తే గుండ్రని రంధ్రం మిగులుతుంది. ఏ చెట్లలో గుండ్రని రంధ్రాలు ఎక్కువగా ఉన్నాయో తెలిస్తే, అక్కడ పురుగుమందు జోలికి పోకుండా ఆ కందిరీగను బతకనివ్వవచ్చు. ఆ తేడా స్పష్టంగా కనిపించే ఫొటోలు తీసి తోటి రైతులకు చూపించాలని, అనుమానం వచ్చినప్పుడు ఇక్కడి ఉద్యాన పరిశోధన స్థానంవారికి పంపాలని నా కోరిక. దాళ్వాలో, అంటే రబీ పంటలో, వరి దుబ్బుల మొదళ్లలో చేరే సుడిదోమను కూడా తీయగలిగితే ఇంకా మేలు.

నా ఫోనులోని 2 మెగాపిక్సెళ్ల మాక్రో (అతి దగ్గరి ఫొటోల) కెమెరాతో తీస్తే తెల్లని చుక్కలు తప్ప మరేమీ తెలియడం లేదు. దుకాణంలో అడిగితే 60 రెట్ల జూమ్ ఉన్న కెమెరా తీసుకోమన్నారు, మిత్రుడొకరు లెన్సులు మార్చుకునే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా తీసుకోమంటున్నారు. నా దగ్గర ఉన్నది 25 వేల రూపాయలు. వాడిన కెమెరా అయినా అభ్యంతరం లేదు. వీడియోలు, పెళ్లి ఫొటోలు నాకు అక్కరలేదు.

జవాబు: కడియం నుంచి, నర్సరీ మొక్కల ఫొటోగ్రాఫరు

మీకు ఏం కనిపించాలో మీరు ఇంత కచ్చితంగా చెప్పడం వల్ల జవాబు చెప్పడం సులువైంది. ముందుగా ఆ 60 రెట్ల జూమ్ సంగతి పక్కన పెట్టండి. అది దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపించడానికి పనికివస్తుంది గాని, జూమ్ పూర్తిగా లాగినప్పుడు ఆ లెన్సు దగ్గరి వస్తువు మీద ఫోకస్ చేయలేదు. పెట్టె మీద రాసే మెగాపిక్సెళ్ల సంఖ్య కూడా మీ పనికి ప్రధానం కాదు. మీరు చూసుకోవలసిన లెక్క ఒక్కటే: వస్తువులోని ఒక మిల్లీమీటరుకు ఫొటోలో ఎన్ని పిక్సెళ్లు దక్కుతాయి అన్నది.

2 మెగాపిక్సెళ్ల ఫోను ఫొటోలో అడ్డంగా 1600 పిక్సెళ్లుంటాయి. ఫ్రేములో 4 సెంటీమీటర్ల ఆకు పడితే మిల్లీమీటరుకు దక్కేవి 40 మాత్రమే, అందులో పెంకు మీది రంధ్రం ఆకారం తెలియడం కష్టం. ఇప్పుడు 24 మెగాపిక్సెళ్ల కానన్ డీఎస్‌ఎల్‌ఆర్ తీసుకోండి. దాని సెన్సారు, అంటే లోపల బొమ్మ పడే పలక, వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు, అడ్డంగా 6000 పిక్సెళ్లు. పురుగు ఎంత ఉందో సెన్సారు మీద బొమ్మ కూడా అంతే పడితే, దాన్నే 1:1 అంటారు, మిల్లీమీటరుకు దాదాపు 270 పిక్సెళ్లు వస్తాయి. బొమ్మ దానికి రెండింతలు పడితే, అంటే 2:1 అయితే, 540 దాకా వస్తాయి. మీకు కావలసింది ఈ రెండో స్థాయి.

అసలైన మాక్రో లెన్సు, ఉదాహరణకు కానన్ ఈఎఫ్-ఎస్ 60 ఎంఎం, 1:1 దాకానే ఇస్తుంది. అదీ కెమెరా బాడీతో, అంటే లెన్సు లేని కెమెరాతో, కలిపితే మీ డబ్బు సరిపోకపోవచ్చు. అందుకే మధ్యేమార్గం చెబుతాను. వాడిన డీఎస్‌ఎల్‌ఆర్ బాడీ ఒకటి, దానితో 55 నుంచి 250 ఎంఎం దాకా జూమ్ అయ్యే వాడిన 55-250 లెన్సు ఒకటి తీసుకుని, లెన్సు ముందు తగిలించే రేనాక్స్ డీసీఆర్-250 అనే అదనపు లెన్సు కొనండి. అది 8 డయాప్టర్ల (కళ్లద్దాల పవరు లాంటి కొలత) శక్తి గలది కనుక, 250 ఎంఎం దగ్గర పెట్టి దూరానికి ఫోకస్ చేసిన లెన్సుతో కలిసి సరిగ్గా 2:1 ఇస్తుంది. 52 నుంచి 67 ఎంఎం వరకు ఫిల్టరు మరలు ఉన్న లెన్సులకు అది క్లిప్పులతో పట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, పురుగుకూ లెన్సుకూ మధ్య సుమారు 12 సెంటీమీటర్లు మిగులుతాయి. వరి దుబ్బు మొదట్లో సుడిదోమను బెదరగొట్టకుండా తీయడానికి ఆ ఎడం చాలా అవసరం. జూమ్‌ను వెనక్కి తిప్పితే బొమ్మ చిన్నదవుతుంది కాబట్టి, మొదట 100 ఎంఎం దగ్గర పురుగును వెతికి పట్టుకుని, తరువాత 250కి వెళ్లవచ్చు.

బాడీ ఎంచుకునేటప్పుడు తెర బయటికి తెరుచుకుని తిరిగేదే చూడండి. కానన్ 200డీ, 700డీ, నికాన్ డీ5300 అటువంటివి. తెల్లదోమ ఉండేది ఆకు అడుగున. తెర తిరగని కెమెరాతో ప్రతిసారీ మెడ వంచి కింద దూరి చూడాలి.

ఇక వెలుతురు. 2:1 దగ్గర అపర్చరును, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/16 దాకా చిన్నది చేసినా స్పష్టంగా ఉండే లోతు పావు మిల్లీమీటరు కూడా రాదు. అంతకన్నా అపర్చరు తెరిస్తే ఇంకా తగ్గుతుంది. కొబ్బరి తోట నీడలో ఆ అపర్చరుకు సహజమైన వెలుతురు చాలదు, గాలికి ఆకు ఊగుతూనే ఉంటుంది. కాబట్టి ఫ్లాష్ తప్పదు. దాని మెరుపు సెకనులో అతి చిన్న భాగమే ఉంటుంది కనుక ఆ ఊపు ఫొటోలో పడదు. ఫ్లాష్‌కూ పురుగుకూ మధ్య పల్చని తెల్ల థర్మోకోల్ షీటు గాని తెల్ల కాగితం గాని అడ్డు పెట్టాలి. లేకపోతే తెల్లదోమ మీది మైనం మెరిసిపోయి, అసలు చూడవలసిన పెంకు కనిపించదు.

జవాబు: భీమవరం నుంచి, రొయ్యల చెరువుల సాంకేతిక సహాయకుడు

పై సలహా సాంకేతికంగా సరైనదే గాని, తోటలో, చేలో రోజూ తిరిగే మనిషికి అంత సరంజామా మోయడం సాధ్యమా అన్నది నా సందేహం. నా పని చెరువు గట్ల మీద, తడి చేతులతో. ఒలింపస్ టఫ్ వరుసలోని టీజీ-5, టీజీ-6, ఆ తరువాత 2023లో ఓఎం సిస్టమ్ పేరుతో వచ్చిన టీజీ-7 నీళ్లలో 15 మీటర్ల లోతు వరకు తట్టుకుంటాయి. వాటిలోని మైక్రోస్కోప్ పద్ధతిలో లెన్సు ముందు ఒక సెంటీమీటరు దూరం వరకు ఫోకస్ అవుతుంది. వేర్వేరు దూరాలలో వరుసగా కొన్ని ఫొటోలు తీసి, స్పష్టంగా ఉన్న భాగాలను కెమెరాయే కలిపి ఒక్క ఫొటోగా ఇచ్చే సౌకర్యం కూడా ఉంది. జేబులో పడుతుంది. కొత్తది మీ మొత్తానికి అందదు గాని, వాడిన టీజీ-5 దొరికితే తప్పక పరిశీలించండి.

ఇందులో ఉన్న ఇబ్బంది కూడా చెప్పాలి. ఒక సెంటీమీటరు దూరానికి వెళ్లేసరికి కెమెరా నీడే పురుగు మీద పడుతుంది. దానికోసం కెమెరా ముందరి దీపపు వెలుగును లెన్సు చుట్టూ వలయంగా పంచే చిన్న పరికరాన్ని ఆ సంస్థే విడిగా అమ్ముతుంది. అది లేకుండా ఈ కెమెరా కొనడం సగం కొనడమే. సుడిదోమ మాత్రం అంత దగ్గరికి రానివ్వదు, దూకిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ ధన్యవాదాలండి. రైతులకు చూపించవలసిన ఫొటోలలో ఎక్కువ భాగం కదలని దశలవే. దింపు తీసేవారు చెట్టెక్కినప్పుడు రెండు మూడు ఆకు రెబ్బలు కోసి ఇమ్మంటే ఇస్తారు, వాటిని ఇంటికి తెచ్చుకుని బల్ల మీద తీయవచ్చు. అలాగైతే ఎంపిక ఏమైనా మారుతుందా? కొబ్బరికాయల మీద మచ్చలు తెచ్చే ఇరియోఫిడ్ నల్లిని కూడా ఈ కెమెరాలతో తీయవచ్చా?

జవాబు: నరసాపురం నుంచి, లేసు అల్లికల ఎగుమతి పని చూసే గృహిణి

బల్ల మీద తీసే మాటైతే నేను చెప్పగలను. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన మా నరసాపురం క్రోషే లేసును కొనుగోలుదారులకు పంపేందుకు దగ్గరి ఫొటోలు తీయడమే నా పని. డీఎస్‌ఎల్‌ఆర్‌తో వచ్చే మామూలు 18-55 లెన్సును 55 దగ్గర పెట్టి వీలైనంత దగ్గరికి తెస్తే ఫ్రేములో సుమారు 6 సెంటీమీటర్ల వెడల్పు పడుతుంది. లేసులోని ఒక పువ్వుకు అది చాలు, మీ పురుగుకు చాలదు.

కానీ రెండింటికీ సమానంగా వర్తించే విషయం ఒకటుంది. కెమెరా సెన్సారు వస్తువుకు సరిగ్గా సమాంతరంగా ఉండాలి. స్పష్టంగా ఉండే లోతు అంత తక్కువగా ఉన్నప్పుడు ఆకు ఒక మూల కాస్త లేచినా సగం ఫొటో మసకబారుతుంది. ఆకు రెబ్బను ఈనె తీసేసి, అడుగుభాగం పైకి వచ్చేలా గాజుపలక మీద పరిచి, అంచులను టేపుతో అంటించండి. కెమెరాను స్టాండుకు బిగించి నేరుగా కిందికి చూసేలా పెట్టి, షట్టరు మీద చేయి పెట్టకుండా 2 సెకన్ల టైమరుతో తీయండి. వెలుతురును పైనుంచి కాక ఒక పక్కనుంచి, వాలుగా వేయండి. దారం ఎత్తుపల్లాలు మాకు అలాగే కనిపిస్తాయి. పెంకు మీది రంధ్రం అంచు కూడా ఆ నీడ వల్లనే తెలుస్తుంది.

జవాబు: రాజమహేంద్రవరం నుంచి, కెమెరాలు బాగుచేసేవాడిని

నల్లి సంగతి ముందు చెబుతాను. దాని పొడవు మిల్లీమీటరులో అయిదో వంతు, అంటే 0.2 మిల్లీమీటర్లు. 2:1 దగ్గర కూడా అది వంద పిక్సెళ్ల మరక మాత్రమే. దానికి మైక్రోస్కోపు కావాలి. కాయ తొడిమ కింద అది చేసే మచ్చలను మాత్రం ఏ ఫోనుతోనైనా తీయవచ్చు. కోసిన ఆకు రెబ్బలు బల్ల మీద చూసుకోవడానికే అయితే, ల్యాప్‌టాప్‌కు తగిలించే చిన్న యూఎస్‌బీ మైక్రోస్కోపు మీ బడ్జెట్‌లో చిన్న భాగానికే వస్తుంది. రంధ్రం గుండ్రమా, చీలికా అన్నది అందులో తేలిపోతుంది. అయితే దాన్ని చేలోకి తీసుకువెళ్లలేరు, పంచుకోవడానికి తగిన అందమైన ఫొటో రాదు. మీ అసలు కోరిక ఫొటోలే కనుక, నా ఓటు కడియంవారు చెప్పిన జతకే.

వాడిన లెన్సు కొనేటప్పుడు మన డెల్టాలో అన్నిటికంటే పెద్ద గండం బూజు. ముసురు రోజుల్లో తోలు సంచిలో పెట్టి మరచిపోయిన లెన్సులు నా బల్ల మీదికి ఎన్నో వస్తాయి. రెండు మూతలూ తీసి, వెనకనుంచి చిన్న టార్చి వేసి ముందువైపునుంచి వాలుగా చూడండి. లోపలి గాజు మీద సాలెగూటి పోగుల వంటి సన్నని గీతలు కనిపిస్తే, ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. మీరు కొన్నాక కూడా గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి అందులో దాచండి. జెల్ రంగు మారగానే వేడిచేసి మళ్లీ వాడవచ్చు.

ఇంకొక జాగ్రత్త. చవక మాన్యువల్ ఫ్లాష్‌ను కెమెరా పైనే తగిలించాలనుకుంటే కానన్ 1500డీ, 200డీ రెండో రూపం కొనవద్దు. వాటి ఫ్లాష్ గూటిలో మధ్య పిన్ను ఉండదు కనుక ఇతర సంస్థల సాధారణ ఫ్లాష్‌లు వాటి మీద వెలగవు. మొదటి 200డీ, 700డీలకు ఆ చిక్కు లేదు. దుకాణంలోనే ఫ్లాష్ తగిలించి, ఒకసారి మెరిపించి చూసుకుని డబ్బు ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారు:

చాలా స్పష్టంగా చెప్పారండి. వాడిన 200డీ లేదా 700డీ, 55-250 లెన్సు, రేనాక్స్ కోసం రాజమహేంద్రవరంలోనూ విజయవాడలోనూ వాకబు చేస్తాను. మొత్తం కుదరకపోతే ముందు బాడీ, లెన్సు తీసుకుని, దింపు డబ్బులు వచ్చాక రేనాక్స్ కొంటాను. పురుగు పరిమాణం తెలిసేలా పక్కన ఏదైనా కొలత పెట్టాలంటే ఏది మంచిది?

జవాబు: కడియం నుంచి

పిల్లలు వాడే గ్రాఫు కాగితంలో మిల్లీమీటరు గళ్లుంటాయి. చిన్న ముక్క కత్తిరించి, పురుగు ఉన్న ఎత్తులోనే, దాన్ని ముట్టుకోకుండా ఆకు మీద అంటించండి. ప్రతి ఆకుకు మొదటి ఫొటో దానితో తీసి, అదే జూమ్ దగ్గర, ఫోకస్ మార్చకుండా మిగతావి తీస్తే అన్నిటికీ అదే కొలత వర్తిస్తుంది. ఫోకస్ కుదరనప్పుడు లెన్సును తిప్పకుండా కెమెరానే ముందుకూ వెనక్కూ జరపండి.