సమస్య: "కొసరి చమురు పోయఁ గొండకెక్కె"

నిర్వాహకుడు, తిరుపతి
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నా, పై మూడు పాదాలూ మీరు కట్టాలి. మన ఇళ్ళల్లో దీపం ఆరిపోయిందని ఎవరూ అనరు, కొండెక్కిందంటారు. నూనె పోస్తే బాగా వెలగాల్సిన దీపం కొండెక్కడమేంటి, అదే చిక్కు. అంశం కూడా పెడుతున్నా: ఎన్నికల్లో చమురు కంపెనీల విరాళాలు. అమెరికా అయినా సరే, ఇండియా అయినా సరే. ఇప్పటి నాయకుల పేర్లు మాత్రం పద్యంలోకి తేవద్దు, పోయినసారి గొడవ ఇంకా చల్లారలేదు. యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం) కుదరకపోతే ప్రాసయతితో (రెండో అక్షరాల జోడీతో) సర్దుకోండి, గణం (గురువు లఘువుల గుంపు) తప్పితే ఊరుకోను.

పాత అయ్యవారు

నల్ల సంచి నిండ నగదు లక్షను గొని
నేల నూనె రాసె నేత కలము
చట్ట మనెడి దివ్వె చల్లగా నిలువక
కొసరి చమురు పోయఁ గొండకెక్కె

ఇది 1921 నాటి మాట. అమెరికాలో ఆల్బర్ట్ ఫాల్ అని ఇంటీరియర్ మంత్రి, అంటే మన హోం మంత్రి లాంటివాడు కాదు, సర్కారు భూములు, గనులు చూసే మంత్రి. చమురు వ్యాపారి డొహెనీ తన కొడుకు చేత లక్ష డాలర్లు నోట్లుగా నల్ల సంచిలో పంపించాడు, అడిగితే అప్పు అన్నారు. మరుసటేడు నౌకాదళం కోసం ఉంచిన చమురు భూములు టెండరు లేకుండా డొహెనీకి కొన్ని, సింక్లెయిర్ అనే ఇంకొకాయనకు కొన్ని లీజుకు పోయాయి. సింక్లెయిర్‌కు పోయిన చోటు పేరు టీపాట్ డోమ్, ఆ కుంభకోణానికీ ఆ పేరే నిలిచింది.

కోర్టు వరండా, చిత్తూరు
అయ్యవారూ, మీ దగ్గర చదువుకున్నవాణ్ణే, అయినా చెప్పక తప్పదు. మూడో పాదంలో "చల్లగా నిలువక" యతి కోసం తెచ్చి కూర్చోబెట్టిన మాట, పీకేసినా పద్యానికి నొప్పి తెలియదు. "చట్ట మనెడి దివ్వె సాక్షిగా నుండియు" అంటే చ-స యతి కుదురుతుంది, దీపం సాక్షి అన్న మన మాటా వస్తుంది.

అసలు పేచీ వేరే. అది లంచం, విరాళం కాదు. కోర్టులో ఏమైందో చూడండి, 1929లో ఫాల్ లంచం తీసుకున్నాడని శిక్ష పడింది, ఆ లంచం ఇచ్చిన కేసులో డొహెనీ 1930లో నిర్దోషిగా బయటికొచ్చాడు. తీసుకున్న చెయ్యి ఉంది, ఇచ్చిన చెయ్యి లేదు! మా వరండాలో ఈ కథ చెబితే జూనియర్లు నమ్మరు. మీరు విరాళమే కావాలనుకుంటే సింక్లెయిర్‌ను పట్టుకోవాల్సింది, 1920 ఎన్నికల్లో ఫాల్ వాళ్ళ పార్టీ చేసిన అప్పు తీర్చడానికి ఆయన బాండ్లిచ్చాడు. బాండ్లు అనగానే మనవాళ్ళకు ఇంకేదో గుర్తొస్తుందనుకోండి.

పాత అయ్యవారు
సవరణ నా పద్యం కంటే బాగుంది, ఒప్పుకుంటున్నా. "రాసె" అని రాసినందుకు ఎవరైనా తిడతారనుకున్నా, "వ్రాసె" ఉండాలి కదా. ఎవరూ పట్టుకోలేదు, రోజులు మారాయి.

మూడో సెమిస్టరు
అన్నా, నేను ఫస్ట్ టైం. ఒక పాదమే వచ్చింది: "డాలర్ల దీపమును వెలిగించి పెట్టినా". తర్వాత టెన్షన్ వచ్చి ఆపేశా.

నిర్వాహకుడు
ఆపేసి మంచి పని చేశావు తమ్ముడూ. "డాలర్ల" అంటే రెండు గురువులు ఒక లఘువు, త గణం, ఇంద్రగణం. ఆటవెలదిలో ఏ పాదం తీసుకున్నా మొదటి మూడూ సూర్యగణాలే (గురువు-లఘువు, లేదంటే మూడు లఘువులు), అక్కడ దానికి సీటు లేదు. "డాలరు" అని మొదలుపెట్టు, "డాల" ఒక గణం, "రు"ను తర్వాతి గణంలోకి నెట్టు: "డాల రిచ్చి చూడ" అన్నావనుకో, మూడు గణాలు దిగిపోయాయి. మిగతాది రేపు పెట్టు, ఎవరూ తినెయ్యరు.

గానుగ వీధి
మా ఇంట్లో చమురంటే చెనక్కాయల నూనే, ఈ పెట్రోలు రాజకీయం నాకు కొత్త. మా అబ్బాయి చెప్పిన కథతో కట్టాను.

లక్ష పోసి గెలుపు లాభమందెద మన్న
సేఠు గారి యాశ చేటు తెచ్చె
ముక్కలయ్యెఁ గొట్టు ముప్పదినాలుగై
కొసరి చమురు పోయఁ గొండకెక్కె

1904లో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్టు ఎన్నికకు స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ లక్ష డాలర్లిచ్చిందట. తిరిగిచ్చెయ్యమని ఆయన చెప్పాడు, డబ్బు మాత్రం తిరిగి వెళ్ళలేదు. 1906లో ఆయన ప్రభుత్వమే ఆ కంపెనీ మీద కేసు వేసింది, 1911లో సుప్రీంకోర్టు దాన్ని 34 ముక్కలు చెయ్యమంది. కొండెక్కింది సేఠు ఆశ.

కోర్టు వరండా
అక్కా, "కొట్టు" అన్న మాటకు నా దండం, అంత పెద్ద కంపెనీని వీధి చివరి అంగడి చేసేశారు. ఒకటే మెలిక. ముక్కలయ్యాక ఆ ముక్కల షేర్లు పెరిగి, కంపెనీ పెట్టిన రాక్‌ఫెల్లరు ఇంకా ధనవంతుడయ్యాడు. అంటే ఆశ కొండెక్కి ఆరిపోలేదు, ఆస్తి కొండెక్కి కూర్చుంది. టమాటా ధర కొండెక్కినట్టు. మీకు తెలియకుండానే పద్యంలో రెండర్థాలు పడ్డాయి.

గానుగ వీధి
తెలిసే పెట్టానని చెప్పుకుంటాలే తమ్ముడూ.

స్టాండు నంబరు 4
ధర మాట ఎత్తారు కాబట్టి నాదీ చూడండి.

ఓటు వేళ చమురు పోటెత్తి పారించి
గద్దె నెక్కి నేత కనులు మూయ
బంకు ముందు నిలిచి బండివాఁ డేడ్వఁగా
కొసరి చమురు పోయఁ గొండకెక్కె

నిర్వాహకుడు
ఓటు-పోటు ప్రాసయతి బాగా కుదిరింది. ఏం కొండెక్కిందో మాత్రం పద్యంలో లేదు, ధర అని మనమే ఊహించుకోవాలి. "బంకు కాడ ధరయె బండివాఁ డేడ్వఁగా" అనెయ్యండి, కాడ అంటే పండితులు ముఖం చిట్లిస్తారేమో, మనూళ్ళో అంతే.

కోర్టు వరండా
పద్యం సరే, తర్కం కుదరదన్నా. మన ఊళ్ళో బంకులు ఎక్కువ ప్రభుత్వ కంపెనీలవే. ప్రభుత్వ కంపెనీ పార్టీలకు పైసా ఇవ్వకూడదని 2013 కంపెనీల చట్టం 182వ సెక్షన్‌లోనే ఉంది. ప్రైవేటు కంపెనీల కథ వేరు. 1969లో కంపెనీ విరాళాలు మొత్తం ఆపేశారు, 1985లో మళ్ళీ తెరిచారు, 2018లో ఎన్నికల బాండ్లొచ్చాయి, 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది. అమెరికాలోనూ 1907 నుంచి కంపెనీ ఖజానాలోంచి అభ్యర్థి చేతికి నేరుగా ఇవ్వకూడదు, కానీ అక్కడి సుప్రీంకోర్టు 2010 తీర్పు తర్వాత అభ్యర్థితో మాట్లాడుకోకుండా బయట నుంచి ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు. మాట్లాడుకోకుండా అన్నమాట చదివి నవ్వుకోవడం మీ ఇష్టం.

స్టాండు నంబరు 4
సెక్షన్లు నాకెందుకు సార్, నేను కళ్ళారా చూసింది రాస్తా. ర్యాలీకి పిలుస్తారు, చీటీ మీద సీలేసి ఇస్తారు, బంకులో చూపిస్తే లీటరు పోస్తారు. ఆ రోజు క్యూ మెయిన్ రోడ్డు దాకా ఉంటుంది, కొందరు బండిలో పోయించుకుని సందు చివర బాటిల్లోకి తీసి మళ్ళీ లైన్లో నిలబడతారు. నేనూ ఒకసారి నిలబడ్డా, దాచేదేముంది.

టోకె నిచ్చినారు టోపి జెండాలతో
లీట రొకటి యనుచు లెక్క పెట్టి
గెలిచినట్టి వాఁడు గిరిపతి మొక్కుకై
కొసరి చమురు పోయఁ గొండకెక్కె

నిర్వాహకుడు
ఇదీ! అందరూ దీపాన్నీ, ధరనీ, ఆశనీ కొండెక్కించారు, ఈయన మనిషినే కార్లో పెట్టి అలిపిరి దాటించాడు. చమురు కంపెనీ ఇందులో లేదు, అంశం తప్పినట్టే లెక్క. అయినా ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే.

ఒక్క మాట. "కొసరి"ని ఎవరూ సరిగ్గా పట్టుకోలేదు. కొసరి వడ్డించడం ఒకటి, కాయగూరల అంగట్లో తూకం అయ్యాక ఇంకో గుప్పెడు కొసరడం ఒకటి. మీరంతా పోసేవాడు కొసరినట్టే రాశారు. గానుగ వీధి అక్క చెప్పిన కథలోనే ఇంకో ముక్క ఉంది: లక్ష తీసుకున్నాక పార్టీవాళ్ళు ఇంకా కావాలన్నారనీ, తాము ఇవ్వలేదనీ స్టాండర్డ్ ఆయిల్ పెద్ద ఆర్చ్‌బోల్డ్ 1912లో సెనెట్ కమిటీ ముందు చెప్పాడు. కొసరింది తీసుకున్నవాడు. దాని మీద నాదొకటి:

ఇచ్చినంత చాల కింకఁ దెమ్మని వేడెఁ
జేయి చాచి నేత సేఠు కడకు
పరువు దివ్వె యొకటి పాప మా నట్టింట
కొసరి చమురు పోయఁ గొండకెక్కె

పాత అయ్యవారు
బాగుంది. మొదటి పాదం చివర సరళాదేశం చేసి ("చేయి"ని "జేయి" చేసి), మూడో పాదం చివర "నట్టింటఁ గొసరి" అనకుండా వదిలేశావు. సమస్యను ముట్టుకోకూడదని తెలుసు, నీ సౌకర్యం కూడా తెలుసు.

గానుగ వీధి
సేఠు నా పద్యంలోవాడు. వాడుకున్నందుకు కొసరేమైనా ఉందా?