అప్‌డేట్: సీతారామారావు బుర్రలో గోలని స్టేజి మీదికి తెచ్చినాం

పోయిన నెల అడిగినా కదా, గోపీచంద్ నవల అసమర్థుని జీవయాత్రని నాటకం చేయాలి, కథంతా హీరో సీతారామారావు బుర్రలోనే నడుస్తాది, స్టేజి మీద ఏం చూపించాలా అని. వాయిస్ ఓవర్ వద్దు, ఆ పాత్రకి ముగ్గుర్ని పెట్టు అని ఒకన్న చెప్పినాడు, అదే చేసినాం. ఒకడు మాట్లాడతాడు, ఇంకొకడు వాడిని తప్పుపడతా ఉంటాడు, మూడోవాడు ఊరికే కండువా మడిచి విప్పి మళ్ళీ మడుస్తా ఉంటాడు, నిజం చెప్పాలంటే జనం చూసింది వాడినే. తిరుపతి బైరాగిపట్టెడలో మిద్దె మీద 40 కుర్చీలు, సెట్ అంటే ఒక నులక మంచం, అంతే. రెండున్నర గంటల స్క్రిప్టుని కోసి 70 నిమిషాలకి తెచ్చినా. మధ్యలో కరెంటు పోతే ఫోన్ లైట్లు వేసినారు, ఆ సీను అట్లే బాగుండాది, ఈసారి కావాలనే ఆర్పేస్తాం. సీతారామారావు భార్య ఇందిర పాత్ర మాత్రం తేలిపోయింది, దానికింకా దారి దొరకలే.