మోటారు ఆగిన క్షణంలో నోడ్‌ఎంసీయూ రీసెట్: స్నబ్బర్ ఎక్కడ పెట్టాలి?

విజయవాడ పటమటలో మేడ మీది ట్యాంకుకి ఆటోమేటిక్ మోటార్ కంట్రోలర్ ఇది. నోడ్‌ఎంసీయూ (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ బోర్డు), జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ సెన్సర్ (అల్ట్రాసోనిక్ తరంగాలతో నీటి మట్టం కొలిచేది), 5 వోల్టుల రిలే (బోర్డు నడిపే చిన్న స్విచ్). రిలే 230 వోల్టుల కాంటాక్టర్ (మోటారు కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) కాయిల్‌ని నడిపితే, కాంటాక్టర్ 1 హెచ్‌పీ మోటారుని నడుపుతుంది. సెన్సర్ సిగ్నల్ వచ్చే ఎకో పిన్‌కి వోల్టేజి తగ్గించడానికి 1కే, 2కే రెసిస్టర్ల డివైడర్ ఉంది.

ఆన్ అయ్యేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. ఆఫ్ అవగానే బోర్డు రీసెట్ అవుతోంది. మోటారు వైర్లు విప్పేసి ఒట్టి కాంటాక్టర్‌ని కొట్టించినా అంతే. కాయిల్ వైరు కూడా తీసేస్తే మాత్రం రీసెట్ లేదు. అంటే కాయిల్ నుంచి వచ్చే బ్యాక్ ఈఎంఎఫ్‌దే (కరెంటు ఆగగానే కాయిల్‌లో పుట్టే వోల్టేజి తాకిడి) పని. 5 వోల్టుల లైను మీద 470, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టాక తగ్గింది గానీ పోలేదు.

ఇప్పుడు 100 ఓమ్స్, 0.1 మైక్రోఫారడ్ ఎక్స్2 స్నబ్బర్ (ఆ తాకిడిని పీల్చుకునే రెసిస్టర్, మెయిన్స్‌కి పనికొచ్చే ఎక్స్2 రకం కెపాసిటర్ జత) పెడదామని. రిలే కాంటాక్టులకి అడ్డంగా పెడితే ఆఫ్‌లో కూడా దాదాపు 7 మిల్లీఆంపియర్లు లీకవుతాయి. చిన్న కాంటాక్టర్ వదలకుండా గుయ్‌మంటుందేమో! అందుకే కాయిల్‌కే అడ్డంగా పెట్టడం మేలనిపిస్తోంది. అదొక్కటే చాలా, 275 వోల్టుల ఎంఓవీ (వోల్టేజి హద్దు దాటితే అడ్డుకునే వేరిస్టర్) కూడా కావాలా? ఏసీ కాయిల్ కాబట్టి డయోడ్ సలహా వద్దండీ, షార్ట్ అవుతుంది.

సెన్సర్ వైరు మోటారు వైరుతో ఒకే పైపులో వస్తోంది. దాన్ని వేరు చేయక తప్పదా?

అసలైన ఎక్స్2 కెపాసిటర్లు గవర్నర్‌పేట వైపు విడిగా దొరుకుతాయా?